బోరాన్ ఎక్స్‌రేకి చిక్కదు, అందుకే కంప్యూటర్‌ని అడిగారు

"వజ్రాన్ని మించిన గట్టి పదార్థం కంప్యూటర్ లెక్కల్లో దొరికింది" లాంటి హెడ్డింగులు అప్పుడప్పుడు కనపడుతూనే ఉంటాయి, లోపలికెళ్లి చూస్తే చాలాసార్లు అది ఏదో ఒక మెటల్ బోరైడే (లోహం, బోరాన్ కలిసిన పదార్థం) అయి ఉంటుంది. చదివినప్పుడల్లా నాకొచ్చే డౌట్ ఒకటే, మించింది సరే, దేంట్లో? నాలుగువైపులా నొక్కినా నలగకపోవడంలోనా, సూదిమొనతో గుచ్చినా గుంట పడకపోవడంలోనా? ఈ రెండూ ఒకటి కాదండీ, ఈ తేడా దగ్గర పెద్ద పెద్ద ల్యాబులే కొట్టుకున్నాయి.

మొదట లెక్క సంగతి. ఒత్తిడికి పదార్థం ఎంత కుదించుకుపోతుందో చెప్పే ఫార్ములా 1944లో మర్నాహన్ ఇచ్చాడు, 1947లో ఫ్రాన్సిస్ బర్చ్ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు, ఆయన ధ్యాసంతా భూమి లోపల రాళ్లు ఎలా ఉంటాయన్నదాని మీదే, బోరైడ్లు ఆయన లిస్టులోనే లేవు. 1964, 65ల్లో హోహెన్‌బర్గ్, కోన్, షామ్ కలిసి డెన్సిటీ ఫంక్షనల్ థియరీకి, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత చిక్కగా ఉన్నాయో చూసి పదార్థం ఎనర్జీ లెక్కగట్టే పద్ధతికి, పునాది వేశారు (కోన్‌కి 1998లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, ఆయనేమో ఫిజిక్స్ మనిషి). ఇప్పటికీ చేసేది ఈ రెండింటినీ కలపడమే. క్రిస్టల్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ఒక చిన్న ముక్క (సెల్) తీసుకుని, దాన్ని కొంచెం కొంచెం కుదిస్తూ ఒక పది సైజుల్లో ఎనర్జీ లెక్కగట్టి గ్రాఫ్ గీస్తే గిన్నె ఆకారంలో వంపు వస్తుంది, ఆ గిన్నె అంచులు ఎంత నిటారుగా లేస్తే పదార్థం అంత మొండిది అన్నమాట. ఆ మొండితనమే బల్క్ మాడ్యులస్, వజ్రానికి దాదాపు 443 గిగాపాస్కల్స్. ఒక గిగాపాస్కల్ అంటే సుమారు పదివేల అట్మాస్ఫియర్లు, భూమి నడిబొడ్డున ఉండేది 360 గిగాపాస్కల్స్ చుట్టుపక్కల.

అసలు ఈ బోరైడ్ల మీదకి జనం ఎగబడింది 2001లో. మెగ్నీషియం డైబోరైడ్ 1950ల నుంచీ తెలిసిన పదార్థమే, కానీ చల్లబరిస్తే అది సూపర్‌కండక్టర్ (కరెంటుని ఏ అడ్డూ లేకుండా పోనిచ్చేది) అవుతుందేమో చూద్దామని ఎవరికీ తట్టలేదు, ఆ జనవరిలో జపాన్‌లో జున్ అకిమిట్సు గ్రూప్ అది 39 కెల్విన్ (దాదాపు మైనస్ 234 సెల్సియస్) దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని చెప్పేసరికి అందరూ నోరెళ్లబెట్టారు. కంప్యూటర్ వాళ్లకి ఇంకొంచెం ఎక్కువ సిగ్గు, ఎందుకంటే అది సింపుల్ క్రిస్టల్, లెక్కగట్టడం అప్పటికే కష్టం కాదు, చేసుంటే ముందే తెలిసేది. తర్వాత నెలల్లోనే లెక్కలు వచ్చాయి: బోరాన్ షీట్లు తమ ప్లేన్‌లోనే అటూ ఇటూ ఊగే ఒక వైబ్రేషన్ ఎలక్ట్రాన్లని జతకడుతోందని తేలింది. ఒత్తిడి పెంచితే ఆ బాండ్లు బిగుసుకుంటాయి, ఊపు మారుతుంది, గిగాపాస్కల్‌కి దాదాపు 1.1 కెల్విన్ చొప్పున సూపర్‌కండక్టివిటీ ఉష్ణోగ్రత దిగుతుంది. లెక్కా కొలతా ఇంత బాగా కుదరడం చూసి కంప్యూటర్ మీద నమ్మకం బాగా పెరిగింది. కొంచెం ఎక్కువే పెరిగిందేమో.

ఎందుకంటే తర్వాత వచ్చింది గట్టితనం గొడవ. లాజిక్ వినడానికి బాగుంటుంది: ఆస్మియం, రీనియం లాంటి లోహాల్లో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి నొక్కితే నలగవు, కానీ పొరలు పక్కకి జారిపోతాయి, మధ్యలో బోరాన్ బాండ్లు పెడితే ఆ జారుడు ఆగుతుంది కదా అని. 2005లో ఆస్మియం డైబోరైడ్, 2007లో రీనియం డైబోరైడ్, రెండూ కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్ నుంచే. రెండోదానికి సూదిమొనతో గుచ్చి కొలిస్తే 48 గిగాపాస్కల్స్ గట్టితనం వచ్చింది (ఇది బల్క్ మాడ్యులస్ కాదు, వేరే కొలత), 40 దాటితే సూపర్‌హార్డ్ అంటారు, పైగా చెయ్యడానికి ఏ హై ప్రెషరూ అక్కర్లేదు. అయితే ఆ 48 అనేది సూదిని 0.49 న్యూటన్ల బరువుతో నొక్కితే వచ్చిన అంకె, అదే 4.9 న్యూటన్లతో నొక్కితే 30కి పడిపోయింది. అదే ఏడాది ఇంకో గ్రూప్ ఆ పేపర్ వచ్చిన సైన్స్ జర్నల్లోనే అభ్యంతరం రాసింది, దీన్ని సూపర్‌హార్డ్ అనడం కుదరదని. కంప్యూటర్ ఇచ్చిన బల్క్ మాడ్యులస్ తప్పేం కాదు, దాన్ని చూసి గట్టితనం ఊహించడమే తప్పు. తర్వాత క్రిస్టల్‌ని లెక్కల్లోనే పక్కకి లాగి, బాండ్లు తెగేదాకా సాగదీసి చూడటం మొదలైంది, అప్పుడు బయటపడ్డాయి లోహం పొరల మధ్య ఉన్న బలహీనమైన దారులు.

ఈలోగా వేరే పెద్ద మార్పు. కెమికల్ ఫార్ములా మాత్రమే చెప్తే క్రిస్టల్ ఎలా ఉంటుందో ఊహించలేకపోవడం సైన్స్‌కే తలవంపులని 1988లో నేచర్ ఎడిటర్ జాన్ మాడక్స్ రాశాడు. 2006లో ఒగానోవ్, గ్లాస్ తెచ్చిన యుస్పెక్స్ అనే ప్రోగ్రామ్ పరిణామ సిద్ధాంతం స్టైల్లో వెతుకుతుంది, మంచి స్ట్రక్చర్లని కలిపి పిల్లల్ని పుట్టించి, పనికిరానివాటిని వదిలేసి (ఆ పేరు వెనకున్న రష్యన్ మాటకి సక్సెస్ అని అర్థం, ధైర్యం చూడండి). చైనాలో జిలిన్ యూనివర్సిటీ వాళ్ల కాలిప్సో, అదీ ఇలాంటి ప్రోగ్రామే, ఆ తర్వాత వచ్చింది.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఐరన్ టెట్రాబోరైడ్. అలాంటిది ఒకటి ఉండాలి, సూపర్‌కండక్టర్ కూడా అవ్వాలి అని 2010లో కొల్మొగొరోవ్ టీమ్ కంప్యూటర్ మీదే చెప్పింది, 15 నుంచి 20 కెల్విన్ అని అంచనా. 2013లో జర్మనీలోని బేరాయిట్‌లో హై ప్రెషర్ ప్రెస్‌లో పెట్టి నిజంగానే చేశారు. స్ట్రక్చర్ సరిగ్గా చెప్పినట్టే ఉంది, సూపర్‌కండక్టర్ కూడా నిజమే, కానీ 2.9 కెల్విన్ దగ్గర. గట్టితనం విషయంలో సీన్ రివర్స్, ఆ చిన్న గింజల్ని గుచ్చి కొలిస్తే 62 గిగాపాస్కల్స్ అన్నారు, థియరీ లెక్కలేమో అందులో సగం దగ్గరే ఆగిపోయాయి. ఇక్కడ నేను థియరీ పక్షమే.

టంగ్‌స్టన్ టెట్రాబోరైడ్ కథ ఇంకా చిక్కు. ఎక్స్‌రేలు చెదిరేది ఎలక్ట్రాన్ల వల్ల, టంగ్‌స్టన్‌కి 74, బోరాన్‌కి 5, దాంతో టంగ్‌స్టన్ ఎక్కడుందో క్లియర్‌గా తెలుస్తుంది కానీ బోరాన్ ఆ వెలుగులో పోతుంది. పోనీ న్యూట్రాన్లు వాడదామా అంటే మామూలు బోరాన్‌లో ఐదో వంతు బోరాన్-10 అనే తేలిక రకం (ఐసోటోప్) ఉంటుంది, అది న్యూట్రాన్లని మింగేస్తుంది. అందుకే కంప్యూటర్ పెద్దమనిషిగా మధ్యలోకొచ్చింది. ఒక్కో టంగ్‌స్టన్‌కి నాలుగు బోరాన్లని అందరూ అనుకున్న మోడల్ నిలబడదు, అది నిజానికి ట్రైబోరైడ్, అంటే మూడు బోరాన్లది, అయి ఉండాలని 2012లో లెక్కలు చెప్పాయి. 2015లో లాస్ ఏంజెలెస్ వాళ్లు న్యూట్రాన్లని అంతగా మింగని, ఖరీదైన బోరాన్-11తో శాంపిల్ చేసి న్యూట్రాన్లతో చూస్తే బోరాన్లు నాలుగుకి కాస్త ఎక్కువే కనపడ్డాయి. 2018లో ఒగానోవ్ గ్రూప్ పెంటాబోరైడ్ (ఐదు బోరాన్లది) అని ఇంకోటి ప్రతిపాదించింది. అంటే మూడా, నాలుగా, ఐదా అన్నది కూడా వాదనే.

బయటివాళ్లకి కనపడని చిన్న సంగతొకటి. ఈ లెక్కలకి బాగా వాడే వాస్ప్ అనే ప్రోగ్రామ్‌లో ఒత్తిడి ఇవ్వాల్సింది కిలోబార్లలో, గిగాపాస్కల్స్‌లో కాదు. వంద గిగాపాస్కల్స్ కావాలంటే 1000 అని టైప్ చెయ్యాలి. నేను 100 కొట్టి రెండు రోజులు రన్ చేసి, ఏంటి ఇది అస్సలు కుదించుకోవట్లేదు, సూపర్ మెటీరియల్ దొరికిందిరా అని ఒక సాయంత్రమంతా సంబరపడ్డాను.

ఇప్పుడు చర్చంతా మాలిబ్డినం డైబోరైడ్ మీద. 2021లో బయటికొచ్చిన ప్రయోగంలో దాదాపు 110 గిగాపాస్కల్స్ దగ్గర 32 కెల్విన్ కనపడింది, 70 దగ్గర అది స్ట్రక్చర్ మార్చుకుని అచ్చం మెగ్నీషియం డైబోరైడ్‌లా అవుతుంది. చూడగానే పాత కథే అనిపిస్తుంది, కానీ లెక్కలు వేస్తే ఇక్కడ పని నడిపించేది బోరాన్ షీట్లు కాదు, మాలిబ్డినం ఎలక్ట్రాన్లు, మాలిబ్డినం ఊపులు.