పచ్చికకు విశ్రాంతి ఎన్ని రోజులు?

ఆవు పై దవడ ముందు భాగంలో కొరుకుడు పళ్లు ఉండవు. వాటి స్థానంలో గట్టిపడిన చిగురు మాత్రమే ఉంటుంది. అందుకే అది గరుకైన నాలుకను బయటికి చాచి, ఒక గుప్పెడు పోచలను చుట్టేసి నోట్లోకి లాక్కుని, కింది పళ్లకూ పై చిగురుకూ మధ్య అదిమిపట్టి, తలను ఒక్క విసురు విసిరి తెంపుకుంటుంది. నాలుకకు చుట్టుకునేంత పొడవు గడ్డికి ఉన్నంతవరకు ఈ పని సాఫీగా సాగుతుంది. గడ్డి మరీ పొట్టిగా ఉంటే నాలుకకు పట్టు చిక్కదు. గొర్రె, గుర్రం నేలకు అంటుకున్న గడ్డిని సైతం కొరికి తినగలవు కానీ ఆవుకు ఆ సౌలభ్యం లేదు.

400 కిలోల బరువున్న ఆవుకు రోజుకు సుమారు 10 కిలోల శుష్క పదార్థం, అంటే నీటిని తీసేస్తే మిగిలే మేత, కావాలి. లేత పచ్చికలో ఐదింట నాలుగు వంతులు నీరే కాబట్టి అది దాదాపు 50 కిలోల పచ్చిగడ్డి తినాలన్నమాట. ఆవు రోజుకు ఎనిమిది గంటలకు అటూఇటూ మేస్తూ, ఆ సమయంలో దాదాపు 30,000 సార్లు గడ్డిని తెంపుకుంటుంది. ఈ లెక్కన ఒక్కోసారి దాని నోటికి అందే శుష్క పదార్థం గ్రాములో మూడో వంతు. గడ్డి పొట్టిదై అది గ్రాములో ఆరో వంతుకు పడిపోతే, ఆవు తన మేత సమయాన్ని రెట్టింపు చేసుకుని లోటు పూడ్చుకోలేదు. ఎందుకంటే నెమరు వేయడానికి కూడా దానికి దాదాపు అన్నే గంటలు పడతాయి. బయలు పచ్చగా కనిపిస్తోందనీ, మంద పొద్దస్తమానం తల వంచి మేస్తూనే ఉందనీ యజమాని సంతృప్తి పడుతున్న చోట పశువులు అర్ధాకలితో ఉండడం అరుదేమీ కాదు.

ఇక గడ్డి వైపు నుంచి చూద్దాం. గడ్డి మొక్కకు ఎదుగుదల మొగ్గ నేలకు దగ్గరగా, పశువు నోటికి అందనంత కింద ఉంటుంది. అందువల్లనే పై ఆకులు పోయినా మొక్క చావదు. అయితే కొత్త ఆకు వేయడానికి శక్తి కావాలి. ఆకులన్నీ పోయిన మొక్క ఆ శక్తిని కాండం మొదట్లో దాచుకున్న చక్కెరల నుంచి తీసుకుంటుంది. చల్లని దేశాల పచ్చిక బయళ్లలో విస్తారంగా పెరిగే రైగ్రాస్‌లో ఈ క్రమం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మేపు తర్వాత వచ్చే మొదటి ఆకు చాలావరకు నిల్వలను ఖర్చు చేసి పుడుతుంది. రెండో ఆకు వచ్చేసరికి కిరణజన్య సంయోగక్రియ పుంజుకుంటుంది. మూడో ఆకు విచ్చుకునేటప్పటికి నిల్వలు మళ్లీ నిండి, వేరు పెరుగుదల కూడా గాడిన పడుతుంది. నాలుగో ఆకు మొదలయ్యేసరికి మొదటి ఆకు పండి ఎండిపోతుంది, అంటే అక్కడి నుంచి ఎదురుచూసిన ప్రతి రోజూ మేత నష్టమే. కాబట్టి రెండో ఆకుకూ మూడో ఆకు పూర్తికావడానికీ మధ్యనే మందను తోలాలి. ఒక్కో ఆకు రావడానికి వెచ్చని కాలంలో వారం రోజులు సరిపోతే చలికాలంలో మూడు వారాలు కూడా పట్టవచ్చు. అందుచేత విశ్రాంతి ఇన్ని రోజులని ఏడాది పొడవునా వర్తించే ఒకే సంఖ్య చెప్పడం కుదరదు.

నేల పైన జరిగేది కంటికి కనిపిస్తుంది. నేల కింద జరిగేది కనిపించదు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లిన్ క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాలు ఆ కనిపించని భాగాన్ని బయటపెట్టాయి. ఆకు భాగంలో 40 శాతం వరకు కత్తిరించినప్పుడు వేళ్ల పెరుగుదలకు ఆటంకం కలగలేదు. ఒకేసారి 80 శాతం కత్తిరిస్తే వేళ్లు 12 రోజులపాటు, 90 శాతం కత్తిరిస్తే 17 రోజులపాటు పెరగడం మానేశాయి. వేరు పెరగని మొక్క లోతు నీటిని అందుకోలేదు కాబట్టి వాన వెనకబడగానే మొదట ఎండేది గొరిగినట్టు మేపిన బయలే. సగం తిననిచ్చి సగం వదిలేయాలని పశుపోషకులు చెప్పుకునే సూత్రానికి ఉన్న గట్టి ఆధారాల్లో ఇదొకటి.

ఒకే పెద్ద బయల్లో మందను నెలల తరబడి వదిలేస్తే ఏమవుతుంది? ఆవు అన్నింటికంటే ఇష్టపడేది కొత్తగా మొలిచిన లేత ఆకును. నాలుగు రోజుల కిందట తాను కొరికిన చోట చిగురు రాగానే వెనక్కి వచ్చి దాన్నే తింటుంది. రుచికరమైన మొక్క నిల్వలు నింపుకోకముందే రెండో కాటుకు, మూడో కాటుకు గురై క్షీణిస్తుంది. పశువు ముట్టని మొరటు మొక్క ఈలోగా పూచి, కాచి, విత్తనాలు రాల్చుకుని ఆ ఖాళీని ఆక్రమిస్తుంది. ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో పొలం సాగు చేసిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఆంద్రే వొయిజాఁ (1903–1964) ఈ విషయాన్ని పశువుల సంఖ్య వైపు నుంచి కాక కాలం వైపు నుంచి ఆలోచించాడు. వందెకరాల బయల్లో ఒంటరిగా తిరిగే ఆవు కూడా ఒక మొక్కను పదేపదే కొరికి చంపగలదు. వంద ఆవులు ఒక్క రోజు మేసి వెళ్లిపోతే, తగిన వ్యవధి దొరికిన అదే మొక్క తిరిగి కోలుకుంటుంది. బయలును మడులుగా విభజించి మందను వంతులవారీగా తిప్పాలన్న ఆలోచన ఆయనతో పుట్టలేదు. 18వ శతాబ్దంలోనే స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ ఆండర్సన్ దాన్ని వివరించాడు. ఆ తిప్పుడుకు కొలతను గడ్డి పెరుగుదల నుంచి తీసుకోవాలని స్పష్టంగా చూపడంలోనే వొయిజాఁ గొప్పతనం ఉంది.

ఆయన చెప్పిన వాటిలో రెండు నియమాలు ముఖ్యమైనవి. రెండు మేపుల మధ్య గడ్డి పూర్తిగా కోలుకునేంత వ్యవధి ఉండాలి. ఒక మడిలో మంద ఉండే కాలం, మొదటి రోజు కొరికిన గడ్డి మళ్లీ ఎదిగి అదే వంతులో రెండోసారి కాటుకు అందనంత తక్కువగా ఉండాలి. మూడు రోజులు మించకపోతే మంచిది, ఒక్క రోజైతే మరీ మంచిది. మడుల సంఖ్య ఈ రెండింటి నుంచే వస్తుంది. విశ్రాంతి రోజులను మడిలో ఉండే రోజులతో భాగించి ఒకటి కలిపితే చాలు. 30 రోజుల విశ్రాంతి, 3 రోజుల మేపు అనుకుంటే 11 మడులు కావాలి. విస్తీర్ణం లెక్క కూడా కష్టమేమీ కాదు. 400 కిలోల ఆవులు 20 ఉంటే రోజుకు 200 కిలోల శుష్క పదార్థం అవసరం. హెక్టారుకు 2,400 కిలోలు ఎదిగి ఉండి అందులో సగమే తిననివ్వాలనుకుంటే ఆ మందకు రోజుకు హెక్టారులో ఆరో వంతు, మూడు రోజులకు అర హెక్టారు సరిపోతుంది. ఇన్ని మడులకు రాతి గోడలు కట్టనక్కర్లేదు. సెకనుకు ఒక్కసారి చొప్పున క్షణకాలం పాటు కరెంటు పంపే ఒంటి తీగ కంచె చాలు. రెండుమూడు సార్లు ముక్కు తగిలించుకున్న ఆవు ఆ తర్వాత తీగ జోలికి పోదు.

ఈ పద్ధతిని చేపట్టినవారు ఎక్కువగా దెబ్బతినేది వాతావరణం మారినప్పుడు. గడ్డి ఎదుగుదల మందగించగానే ప్రతి మడిలోనూ మేత తక్కువగా ఉంటుంది, మంద మూడు రోజుల మేతను రెండు రోజుల్లోనే ముగిస్తుంది, యజమాని పక్క మడి తలుపు తీస్తాడు. అలా చుట్టు తొందరగా తిరిగేసరికి 30 రోజుల విశ్రాంతి 20 రోజులకు కుంచించుకుపోతుంది, అది కూడా మొక్కకు 45 రోజులో 60 రోజులో కావలసిన సమయంలో. రెండో చుట్టులో మేత ఇంకా తగ్గుతుంది, చుట్టు ఇంకా వేగం అందుకుంటుంది, మూడో చుట్టుకు బయలంతా నేలబారుగా మారుతుంది. వొయిజాఁ దీన్ని గుర్తించి ప్రత్యేకంగా హెచ్చరించాడు. నిజానికి గడ్డి నెమ్మదించినప్పుడు మంద కూడా నెమ్మదించాలి. అంటే మందలో కొన్నింటిని అమ్మేయడమో, ఒక మడిని త్యాగం చేసి అక్కడే మందను కట్టడి చేసి ఎండుగడ్డి వేయడమో చేయాలి. గడ్డి ఉధృతంగా పెరిగే రోజుల్లో దీనికి విరుద్ధంగా, కొన్ని మడులను మేపు నుంచి తప్పించి కోసి ఎండబెట్టుకోవాలి. క్యాలెండర్ చూసి మందను కదిలించేవారు ఈ రెండు పనులనూ చేయలేకపోతారు.

గడ్డిని ఎంత ఎత్తులో వదలాలన్నది దాని జాతిని బట్టి మారుతుంది. రైగ్రాస్‌ను నాలుగైదు సెంటీమీటర్ల దాకా మేపవచ్చు. ఉష్ణమండలపు దుబ్బు గడ్డికి ఆ కొలత ప్రాణాంతకం. బ్రెజిల్‌లో మొంబాసా రకం గినీ గడ్డిపై జరిగిన పరిశోధనల్లో, సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో మందను తోలి 30 నుంచి 50 సెంటీమీటర్ల వద్ద తప్పించడం మేలని తేలింది.

ఆరోగ్యం విషయానికి వస్తే, వంతులవారీ మేపు గురించి జరిగే ప్రచారంలో సగం నిజం, సగం ఆశ. నట్టల సంగతి చూడండి. పేడలో పడిన గుడ్లు పొదిగి, పశువుకు సోకే దశకు చేరడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ పిల్ల నట్టలు తడి ఆకు మీదుగా పైకి పాకుతాయి కానీ ఎక్కువ భాగం కింది కొన్ని సెంటీమీటర్లలోనే ఉంటాయి. గడ్డిని కాస్త ఎత్తులో వదిలి మంద ముందుకు సాగితే అవి నోట్లోకి వెళ్లడం తగ్గుతుంది. ఇది నిజం. నెల రోజుల విశ్రాంతితో నట్టలన్నీ చచ్చిపోతాయన్నది మాత్రం ఆశ. మండుటెండల్లో అవి కొన్ని వారాల్లో నశించినా, చల్లని తేమ నేలల్లో నెలల తరబడి బతికే ఉంటాయి. పైన ఎండి పెంకు కట్టిన పేడ లోపల దాక్కున్నవి వాన పడ్డాక బయటికి వస్తాయి. పెద్ద పశువులకు కాలక్రమంలో నట్టలను తట్టుకునే శక్తి అలవడుతుంది కాబట్టి అసలు ప్రమాదం దూడలకే. అందుకే శుభ్రమైన మడిలోకి ముందుగా దూడలను తోలి, వాటి వెనక పెద్దవాటిని పంపడం తెలివైన ఏర్పాటు. గొర్రెలతో మార్చి మార్చి మేపడం కూడా పనిచేస్తుంది. ఆవుకు సోకే నట్టల్లో చాలావరకు గొర్రె కడుపులో బతకలేవు.

మడి మార్చడం వల్ల కొత్తగా తలెత్తే ప్రమాదాలూ ఉన్నాయి. ఆకలితో ఉన్న మందను ఉదయాన్నే క్లోవర్, లూసర్న్ వంటి చిక్కుడు జాతి మేత మొక్కలు లేతగా ఉన్న మడిలోకి వదిలితే, రూమెన్ అనే మొదటి పొట్టలో నురుగు ఏర్పడి వాయువు త్రేన్పుగా బయటికి రాలేక ఎడమ డొక్క ఉబ్బిపోతుంది. సకాలంలో చూడకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. ముందుగా ఎండుగడ్డి తినిపించి, మంచు తడి ఆరాక తోలడం దీనికి మొదటి జాగ్రత్త. చల్లని ప్రాంతాల్లో వసంతపు తొలి గడ్డి మీద మేసే పాడి ఆవుల్లో మెగ్నీషియం పడిపోయి వణుకు, మూర్ఛ వస్తాయి. నీటి ఎద్దడికి గురైన జొన్న, దాని పిలకలు సయనైడ్ విషాన్ని పుట్టిస్తాయి. మడి తలుపు తీసేముందు లోపల ఏం మొలిచిందో నడిచి చూసుకోవడానికి పట్టే సమయం పది నిమిషాలే.

ఆవు రోజుకు పదికి పైగా సార్లు పేడ వేస్తుంది. ఒకే చెట్టు నీడనో, ఒకే తొట్టి దగ్గరో మంద రోజంతా నిలబడితే బయలంతటి నుంచి తిన్న సారం అక్కడే కుప్ప పడుతుంది. మిగతా నేల ఏటేటా బీదదవుతుంది. మడి మడికీ నీరు అందిస్తే పేడ, మూత్రం సమంగా పరుచుకుంటాయి. వేసిన పేడ నేలలో కలవాలంటే పేడపురుగులు కావాలి. తాజా పేడను ఒక పుల్లతో తిరగేస్తే, జీవమున్న బయలైతే, అడుగున సన్నని సొరంగాలూ వాటి నోళ్ల దగ్గర తోడిపోసిన మట్టీ కనిపిస్తాయి. పురుగులు పేడను ఉండలుగా లోపలికి చేరవేసి అందులో గుడ్లు పెడతాయి; బాగా ఉన్న చోట ఒకటి రెండు రోజుల్లోనే పేడ పొట్టుగా మిగులుతుంది. ఆస్ట్రేలియా స్థానిక పేడపురుగులు కంగారూల వంటి జంతువుల చిన్న పెంటికలకు అలవాటుపడినవి కావడంతో అక్కడికి తెచ్చిన ఆవుల పేడ నెలల తరబడి ఎండిపోయి పడి ఉండేది, ఈగలు పెరిగేవి. హంగరీలో పుట్టిన కీటక శాస్త్రజ్ఞుడు జార్జ్ బోర్నెమిస్సా చొరవతో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 1960ల చివరి నుంచి ఆఫ్రికా, ఐరోపాల నుంచి తెచ్చిన పేడపురుగులను వదిలింది; వదిలిన 43 జాతుల్లో 23 నిలదొక్కుకున్నాయి. ఇంతటి సేవకులను మనమే చంపుకుంటున్న సందర్భాలున్నాయి: ఐవర్‌మెక్టిన్ వంటి నట్టల మందు అవశేషాలు పేడలో మిగిలి పురుగుల పిల్లలను దెబ్బతీస్తాయి. మందంతటికీ అలవాటుగా మందు పట్టించేకంటే పేడ పరీక్ష చేయించి అవసరమైన వాటికే ఇవ్వడం నా దృష్టిలో సరైన పని.

ఈ పద్ధతి మీద శాస్త్రజ్ఞులందరిదీ ఒకే మాట కాదు. జింబాబ్వేకు చెందిన పర్యావరణ శాస్త్రజ్ఞుడు ఆలన్ సేవరీ పెద్ద మందలను దగ్గరగా నడిపించి ఎడారులను సైతం పచ్చబరచవచ్చని వాదించి పేరు పొందాడు. అమెరికాకు చెందిన మేత భూముల పరిశోధకుడు డేవిడ్ బ్రిస్కే, ఆయన సహచరులు 2008లో పాత ప్రయోగాలను సమీక్షించి, వానాధార మేత భూముల్లో వంతులవారీ మేపు వల్ల నిరంతర మేపు కంటే గడ్డి దిగుబడి గానీ పశువుల బరువు గానీ పెరిగిన దాఖలా స్పష్టంగా లేదని తేల్చారు. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో మందను ముందే వేసుకున్న పట్టిక ప్రకారం తిప్పారనీ, అనుభవజ్ఞుడు చేసే సర్దుబాట్లకు అక్కడ చోటు లేదనీ మద్దతుదారులు బదులిచ్చారు. రెండు వాదాల్లోనూ పస ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ తేడా లేదు: నేల మోయగలిగిన దానికంటే పశువులు ఎక్కువైతే ఎన్ని మడులు చేసినా లాభం లేదు.

మంద చాలినంత తింటోందా లేదా అన్నది తెలుసుకోవడానికి తూకం అక్కర్లేదు. ఆవు ఎడమ పక్కన, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య త్రికోణాకారపు గుంట ఉంటుంది. మొదటి పొట్ట నిండితే ఆ గుంట పూడి చర్మం దాదాపు సమంగా కనిపిస్తుంది. లోతుగా ఉంటే గడచిన రోజు మేత చాలలేదని అర్థం. పేడ నీళ్లగా జారుతుంటే గడ్డి మరీ లేతది, పీచు తక్కువైంది. గట్టిగా పొరలు పొరలుగా నిలబడితే గడ్డి ముదిరింది, మాంసకృత్తులు చాలడం లేదు. మందను కదిలించే ముందు ఉదయం పూట ఈ రెండూ చూసి, డొక్క గుంట పడితే తీగను పది అడుగులు ముందుకు జరిపి మడిని పెద్దది చేయాలి, పేడ నీళ్లగా ఉంటే ఆ రోజుకు కొంత ఎండుగడ్డి ముందుగా వేయాలి, గట్టిగా ఉంటే వచ్చే చుట్టులో ఆ మడికి కొంచెం ముందుగానే చేరాలి.