నిట్టూర్పులో వినపడని సగం

ఇంగ్లిష్‌లో ఎస్, ఐ, జి, హెచ్ అని నాలుగక్షరాలు రాసి 'సై' అని పలికే చిన్న మాట ఒకటుంది. ఇంగ్లిష్ కథలు చదివేవాళ్లకి ఇది మాటిమాటికీ తగులుతుంది. నిఘంటువు తీస్తే, బయటికి వినపడేలా దీర్ఘంగా ఊపిరి వదలడం అని అర్థం ఉంటుంది, అది దుఃఖంతో కావచ్చు, అలసటతో కావచ్చు, విసుగుతో కావచ్చు, గండం గడిచిందన్న తేలికదనంతో కూడా కావచ్చు. తెలుగులోకి తెచ్చేటప్పుడు మనం ఇంకో ఆలోచన లేకుండా 'నిట్టూర్పు' అని రాసేస్తాం. చాలాచోట్ల సరిపోతుంది కూడా. కానీ 'సై ఆఫ్ రిలీఫ్' అని ఉన్నచోట 'ఉపశమనంతో నిట్టూర్చాడు' అని రాసి ఒకసారి పైకి చదవండి, చెవికి ఏదో తేడా కొడుతుంది. మన నిట్టూర్పులో దిగులు ఉంది. టెన్షన్ తీరినవాడు తెలుగులో నిట్టూర్చడు, 'హమ్మయ్య' అని ఊపిరి పీల్చుకుంటాడు.

నాకు ఈ తేడా చాలా ఇష్టం. శరీరం చేసేది ఒకటే పని, దాన్ని వర్ణించడానికి ఇంగ్లిష్ ఊపిరి వదలడాన్ని పట్టుకుంది, ఉపశమనం విషయంలో తెలుగు ఊపిరి పీల్చుకోవడాన్ని పట్టుకుంది. ఈ రెంటిలో ఏది అసలు సంగతికి దగ్గర అని ఊపిరితిత్తుల్ని అడిగితే, అవి తెలుగు వైపే మాట్లాడతాయి. బయటికి వచ్చే శబ్దం చివర్లో మిగిలేది మాత్రమే, అసలు పని అంతా అంతకు ముందు, చప్పుడు లేకుండా లోపలికి తీసుకున్న గాలితో అయిపోతుంది.

ముందు ఆ మాట సంగతి కాస్త చూద్దాం. ఇందులో 'జి', 'హెచ్' ఎందుకున్నాయి, పలకనప్పుడు రాయడం ఎందుకు అని ఇంగ్లిష్ నేర్చుకునే ప్రతి పిల్లా అడుగుతుంది. ఒకప్పుడు పలికేవాళ్లు, అందుకే రాశారు. ప్రాచీన ఇంగ్లిష్‌లో దీని క్రియ 'సీకన్', దాని భూతకాల రూపాల్లో 'సిహ్తె' లాంటిది ఒకటి ఉండేది, ఆ రూపంలోంచి వెనక్కి లాగి ఇప్పటి క్రియని తయారు చేసుకున్నారని భాషా చరిత్రకారులు భావిస్తారు. ఆ 'జి-హెచ్' స్థానంలో ఉన్నది దాదాపు మన విసర్గలాంటి ధ్వని, నాలుకకీ అంగిలికీ మధ్య నుంచి గాలి రాసుకుంటూ పోయే 'హ్'. 'నైట్', 'లైట్', 'హై' లాంటి మాటల్లో కూడా ఒకప్పుడు అదే ధ్వని ఉండేది. అంటే ఆ రోజుల్లో ఈ మాట పలికితే చివర్లో నిజంగానే కొంచెం ఊపిరి బయటికి పోయేది, మాటే తన అర్థాన్ని చేసి చూపించేది. తర్వాత ఆ ధ్వని నెమ్మదిగా ఇంగ్లిష్‌లోంచి జారిపోయింది, కానీ అప్పటికే, 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చు యంత్రం పెట్టాక, స్పెల్లింగులు గట్టిపడటం మొదలైంది. ఊపిరి పోయింది, అక్షరాలు మిగిలాయి.

మన మాట ఇంకా సూటిగా ఉంటుంది. 'నిడు' అంటే పొడవైన, 'ఊర్పు' అంటే శ్వాస. నిడు, ఊర్పు కలిస్తే నిట్టూర్పు. బడిలో ద్విరుక్త టకార సంధి చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: కడు, ఎదురు కలిసి కట్టెదురు అయినట్టు, చిఱు, ఎలుక కలిసి చిట్టెలుక అయినట్టు. చూడండి, ఈ మాటలో దుఃఖం ఎక్కడా లేదు, వదలడం అని కూడా ప్రత్యేకంగా లేదు, 'పొడవాటి ఊపిరి' అని మాత్రమే ఉంది. దిగులంతా వాడుకలో మనం తర్వాత చేర్చుకున్నదే.

ఇప్పుడు ఊపిరితిత్తుల దగ్గరికి వద్దాం.

మన ఊపిరితిత్తుల చివర్లో వాయుగోణులు అనే అతి చిన్న గాలి సంచులు ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో అయిదో వంతు వెడల్పు, మొత్తం కలిపి సుమారు 48 కోట్లు. రక్తంలోకి ఆక్సిజన్ ఎక్కేది, కార్బన్ డయాక్సైడ్ దిగేది ఇక్కడే. వీటి లోపలి గోడ మీద పల్చటి తడి పొర ఉంటుంది, తడి ఉన్నచోట తలతన్యత ఉంటుంది, అంటే నీరు తన ఉపరితలాన్ని ఎప్పుడూ కుంచించుకోవాలనే చూస్తుంది. తడిసిన పాలిథిన్ కవరు రెండు వైపులా అతుక్కుపోతే విడదీయడానికి ఎంత అవస్థ పడతామో అందరికీ తెలుసు కదా, వాయుగోణికి వచ్చే కష్టం కూడా అలాంటిదే. దీన్ని ఆపడానికి ఊపిరితిత్తులు సర్ఫాక్టంట్ అనే జిడ్డులాంటి పదార్థాన్ని తయారు చేసి ఆ తడి పొర మీద పరుస్తాయి, అది తలతన్యతని బాగా తగ్గిస్తుంది. అయినా మామూలుగా కూర్చుని తీసుకునే చిన్న చిన్న శ్వాసలతో, అంటే ఒక్కోసారి అర లీటరు గాలితో, అన్ని సంచులూ పూర్తిగా తెరుచుకోవు. నిమిషాలు గడిచేకొద్దీ ఇక్కడొకటి అక్కడొకటి ముడుచుకుపోతూ ఉంటాయి. ముడుచుకున్న సంచిని మళ్లీ తెరవాలంటే చిన్న గాలి చాలదు, ఒక్కసారి గట్టిగా నింపాలి.

ఆ నింపడమే నిట్టూర్పు. మామూలుగా ఊపిరి పీల్చుకుంటాం, అది వదలకముందే దాని మీద ఇంకో శ్వాస ఎక్కుతుంది, రెండూ కలిసి మామూలు శ్వాసకి దాదాపు రెట్టింపు గాలి అవుతుంది, సంచులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, ఆ తర్వాత అంత గాలీ బయటికి వస్తూ ఆ 'హూఁ' అనే చప్పుడు చేస్తుంది. మనిషి సగటున అయిదు నిమిషాలకి ఒకసారి, అంటే గంటకి పన్నెండు సార్లు ఇలా చేస్తాడు. రోజుకి లెక్కేస్తే మూడు వందలకి కాస్త తక్కువ. నిద్రలో కూడా ఇవి ఆగవు. వీటిలో చాలామటుకు మన చెవికి కూడా ఆనవు, అందుకే మన నిట్టూర్పులన్నీ బాధవల్లే వస్తాయని మనం నమ్ముతాం, వినపడినవి మాత్రమే లెక్కలోకి వస్తాయి కాబట్టి. 2025లో జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సర్ఫాక్టంట్ పొరనే ప్రయోగశాలలో సాగదీసి చూసి, పెద్ద శ్వాసకి ఆ పొరలోని కొవ్వు అణువులు కొత్తగా సర్దుకుని తలతన్యత ఇంకా తగ్గుతోందని చెప్పారు. నిట్టూర్చాక ఛాతీ తేలికైనట్టు అనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

నిట్టూర్పు లేకపోతే ఏమవుతుందో వైద్యులకి ఆపరేషన్ గదిలో తెలిసింది. మత్తు ఇచ్చిన మనిషికి యంత్రం ఊపిరి ఆడిస్తుంది, ప్రతిసారీ ఒకే కొలత, ఒకే లయ, చూడటానికి ఎంతో క్రమంగా ఉంటుంది. కానీ 1963లో బోస్టన్‌లో హెన్రిక్ బెండిక్సెన్ అనే మత్తు వైద్యుడు, ఆయన సహచరులు గమనించిందేమిటంటే, అలా క్రమం తప్పకుండా గాలి అందుతున్నా రోగుల రక్తంలో ఆక్సిజన్ మెల్లగా పడిపోతోంది, ఊపిరితిత్తుల్ని కొన్నిసార్లు బాగా నిండుగా ఊదితే మళ్లీ పెరుగుతోంది. కారణం అదే, సంచులు ముడుచుకుపోవడం. ఆ తర్వాత వచ్చిన వెంటిలేటర్లలో మధ్యమధ్యలో ఒక పెద్ద శ్వాస ఇచ్చే ఏర్పాటు పెట్టారు, దానికి పెట్టిన పేరు కూడా 'సై'యే. కవిత్వంలో విరహానికి వాడే మాట ఒక యంత్రం మీద సెట్టింగుగా ఎక్కిందంటే నాకు ఆ మాట మీద గౌరవం పెరుగుతుంది. తర్వాతి కాలంలో, ఊపిరి వదిలిన చివర్లో కూడా కొంత ఒత్తిడి నిలిపి ఉంచి సంచుల్ని మూసుకోనివ్వని పద్ధతి బలపడింది, దాంతో ఆ సెట్టింగు వాడకం చాలా తగ్గింది.

మరి అయిదు నిమిషాలకోసారి అని లెక్కపెట్టేదెవరు? మెదడు కాండంలో ప్రీ-బొట్జింగర్ కాంప్లెక్స్ అనే కొన్ని వేల న్యూరాన్ల గుంపు ఉంది, మన శ్వాసకి తాళం వేసేది అదే. ఈ వింత పేరు శాస్త్రవేత్తది కాదు, వైన్‌ది. జర్మనీలో ఒక సదస్సులో శ్వాస పరిశోధకుడు జాక్ ఫెల్డ్‌మన్ దాని పక్కనున్న భాగానికి, బల్ల మీదున్న సీసా లేబుల్ చూసి, బొట్జింగర్ అని పేరు పెట్టాడు, తర్వాత దాన్ని ఆనుకుని ఉన్న ఈ గుంపు ప్రీ-బొట్జింగర్ అయింది. అదే ఫెల్డ్‌మన్, స్టాన్‌ఫర్డ్‌కి చెందిన మార్క్ క్రాస్నో బృందంతో కలిసి 2016లో నిట్టూర్పు దారిని చుంచెలుకల్లోనూ ఎలుకల్లోనూ కనిపెట్టాడు. సుమారు 200 న్యూరాన్లు రెండు రకాల పెప్టైడ్ అణువుల్ని, అంటే చిన్న ప్రోటీన్ ముక్కల్లాంటి వాటిని, విడుదల చేస్తాయి, అవి ప్రీ-బొట్జింగర్‌లోని మరికొన్ని కణాల్ని తట్టి, నడుస్తున్న శ్వాస మీద రెండో శ్వాసని ఎక్కిస్తాయి. ఆ పెప్టైడ్లని నేరుగా అక్కడ ఇస్తే నిట్టూర్పులు పదింతలయ్యాయి. వాటి సంకేతాలు అందుకునే దారులు రెండూ మూసేస్తే నిట్టూర్పులు ఆగిపోయాయి, మామూలు శ్వాస మాత్రం నడుస్తూనే ఉంది. ఇది మామూలు విషయం కాదు, నిట్టూర్పు అంటే పెద్దగా తీసుకున్న మామూలు శ్వాస అనుకుంటాం, మెదడులో మాత్రం దానికంటూ వేరే మీట ఉంది.

ఆ మీట మీద మనసు కూడా చెయ్యి వేస్తుంది. ఎలా వేస్తుందో పూర్తిగా తేలలేదు, కానీ వేస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. 2005లో వచ్చిన ఒక ప్రయోగంలో ఎలుకలకి ఒక సంకేతం వస్తే షాక్ తగులుతుందని, ఇంకో సంకేతం వస్తే తగలదని నేర్పారు. 'ఇక భయం లేదు' అనే సంకేతం వచ్చినప్పుడు అవి ఎక్కువగా నిట్టూర్చాయి. ఎలుకకి కూడా 'హమ్మయ్య' ఉందన్నమాట! బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయంలో ఎల్కె వ్లెమింక్స్ మనుషుల మీద చేసిన పరిశోధనలు దీనికి దగ్గరగానే ఉన్నాయి. ఒత్తిడిలో శ్వాస లయ చెదిరిపోతుంది, ఒక నిట్టూర్పు దాన్ని మళ్లీ మొదటికి తెచ్చి పెడుతుంది, రీసెట్ బటన్ నొక్కినట్టు, అని ఆమె వివరణ.

నార్వేలో ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ హాల్వోర్ టైగెన్ అడిగిన ప్రశ్న వేరు. నిట్టూర్పుని జనం ఎలా అర్థం చేసుకుంటారు? పక్కవాళ్లు నిట్టూరిస్తే వాళ్లు బాధలో ఉన్నారని అనుకుంటాం, అదే మనం నిట్టూరిస్తే 'ఇక నా వల్ల కాదు, వదిలేద్దాం' అనుకున్నామని చెబుతాం. ఆయన కొందరికి పరిష్కారం కుదరని పజిళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు, వాళ్లు ఒక ప్రయత్నం విఫలమై ఇంకోటి మొదలుపెట్టేలోపు నిట్టూర్చారు, చాలామందికి తాము నిట్టూర్చినట్టే తెలియదు. ఈ పనికి 2011లో ఇగ్నోబెల్ బహుమతి వచ్చింది, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది. నాకైతే ఇందులో నవ్వుకన్నా ఆలోచనే ఎక్కువ కనిపించింది. మనం నిట్టూరుస్తాం, ఎదుటివాళ్లు కంగారుగా 'ఏమైంది?' అంటారు, మనం 'ఏమీ లేదే' అంటాం, వాళ్లు నమ్మరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే ఊపిరికి విన్నవాడి అర్థం వేరు, వదిలినవాడి అర్థం వేరు.

ఇది తెలిశాక ఇంగ్లిష్ వాడుకలు చూస్తే కొత్తగా కనిపిస్తాయి. 'హీవ్ ఎ సై' అంటారు. హీవ్ అంటే బరువైనదాన్ని పైకి ఎత్తడం, వదిలేటప్పుడు ఛాతీ దిగుతుంది కానీ లేవదు కదా. అంటే ఆ పలుకుబడిని పుట్టించినవాళ్లు లోపలికి తీసుకునే సగాన్ని కూడా చూశారు. కథల్లో ఈ మాటని 'అన్నాడు'కి బదులు కూడా వాడతారు, 'సరే, నీ ఇష్టం' అని రాసి పక్కన 'హీ సైడ్' అని పెడతారు, అక్కడ 'నిట్టూర్చాడు' అని ఒక్క ముక్క పెట్టి ఊరుకుంటే తెలుగులో వాక్యం కుంటుతుంది, 'అన్నాడు నిట్టూరుస్తూ' అనాలి. 'ఫర్' చేర్చి 'సై ఫర్' అంటే పోయినదాని కోసం, దొరకనిదాని కోసం తపించడం. చెట్ల మధ్య నుంచి గాలి వీచినా ఇదే మాట. చాట్‌లలో రెండు నక్షత్రం గుర్తుల (*) మధ్య ఈ ఒక్క మాట టైప్ చేస్తే 'ఇంకేం చెప్పను' అని అర్థం, దానికి మనవైపు దగ్గరగా వచ్చేది 'ప్చ్' అనుకుంటా. నీరసపడి కూలబడితే 'ఉసూరుమన్నాడు' ఉంది, గండం తప్పితే 'ఊపిరి పీల్చుకున్నాడు' ఉంది. 'గ్యాస్ప్'తో మాత్రం కలపకండి, అది ఉలిక్కిపడి ఒక్కసారిగా గాలి లోపలికి లాక్కోవడం.

2023లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒకటి దీన్నే కావాలని చేయించి చూసింది. ముక్కుతో పీల్చాలి, దాని మీద ఇంకొంచెం పీల్చాలి, తర్వాత నోటితో మెల్లగా, పొడవుగా వదలాలి. రోజుకి అయిదు నిమిషాలు, నెల రోజులు. వందకి పైగా మంది పాల్గొన్న ఆ పరీక్షలో, శ్వాసని ఊరికే గమనించే ధ్యానం చేసినవాళ్ల కన్నా వీళ్ల మూడ్ ఎక్కువ మెరుగైంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండటం ముఖ్యం. కానీ ఒక మాట: గాలి చాలడం లేదనిపించి నిమిషానికోసారి నిట్టూర్చడం ఇది కాదు. ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లలో అలా జరుగుతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం మొదలవుతుంది. అలాంటప్పుడు ఇంకా గట్టిగా పీల్చుకోకండి, డాక్టర్‌కి చూపించుకోండి.

పక్కన నిద్రపోతున్న పసిబిడ్డని ఓ పది నిమిషాలు కదలకుండా చూడండి. పిల్లలు పెద్దవాళ్లకన్నా ఎక్కువసార్లు నిట్టూరుస్తారు. చిన్న చిన్న శ్వాసల మధ్య ఉన్నట్టుండి ఆ బుల్లి ఛాతీ ఒక మెట్టు లేస్తుంది, దిగకుండానే ఇంకో మెట్టు ఎక్కుతుంది, ఒక్క క్షణం అక్కడే నిలిచి, అప్పుడు ఆ చప్పుడుతో దిగుతుంది.