చక్కెర లేని టీలో ఆ తీపి ఎక్కడిది?

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. షుగర్ ఉన్న నాన్నగారి కోసం కారమెల్ (ఎర్రగా కాచిన పంచదార) వాసన కలిపిన బ్లాక్ టీ కొన్నారట. పాలూ పంచదారా లేకుండా తాగినా మిఠాయి తిన్నట్టే ఉందట. ప్యాకెట్ మీద చక్కెర సున్నా అని రాసుంది, ఇది నమ్మొచ్చా అని ఆవిడ టెన్షన్.

పదార్థాల జాబితాలో చక్కెర, స్టీవియా లాంటి తీపి పదార్థాలేవీ లేకపోతే నమ్మొచ్చు. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగి చూడండి. చేదూ వగరూ తప్ప ఏమీ తెలియదు. వేళ్లు తీయగానే మిఠాయి ప్రత్యక్షమవుతుంది. ఇది పిల్లలకు తరగతిలోనే చేసి చూపించవచ్చు. నాలుక కొసన తీపి, వెనక చేదు అని బొమ్మ గీయించి మార్కులు వేయడం కంటే వెయ్యి రెట్లు మేలు. ఆ బొమ్మే తప్పు. నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత ఇళ్లు వీధి నుంచి పెరడు దాకా పొడుగ్గా ఉంటాయి కదా, ముక్కు అలాంటి ఇల్లు. నాసికా రంధ్రాలు వీధి గుమ్మం. నోటి వెనక, కొండనాలుక పైనుంచి ముక్కులోకి పోయే దారి పెరటి గుమ్మం. వాసన పట్టే కణాలు ఇంటి పైకప్పు దగ్గర ఉంటాయి. ఎటునుంచి వచ్చినా అణువు అదే, దాన్ని పట్టే గ్రాహకాలూ అవే. మనిషికి దాదాపు 400 రకాలున్నాయి. కానీ మెదడు గుమ్మాన్ని చూసి లెక్క రాస్తుంది. వీధి వైపు నుంచి వస్తే వాసన అంటుంది, పెరటి వైపు నుంచి వస్తే నోట్లో రుచి అంటుంది.

టీ నోట్లో ఉన్నంతసేపూ మెత్తని అంగిలి, నాలుక మొదలు కలిసి పెరటి తలుపు మూసి ఉంచుతాయి. మింగగానే అది తెరుచుకుంటుంది. అప్పుడు వదిలే ఊపిరి గొంతుకు అంటిన టీ మీదుగా వీచి వాసనను పైకి మోసుకెళ్తుంది. అందుకే ముందు వగరు, ఆ తర్వాతే తీపి. ఆ వగరు అసలు రుచే కాదు, స్పర్శ. టీలోని పాలీఫినాళ్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నోటి జారుడుతనం పోతుంది. పాలు పోస్తే వాటిలోని కేసీన్ అనే ప్రోటీన్ ఆ పాలీఫినాళ్లను ముందే పట్టేసుకుంటుంది. అందుకే ఇలాంటి టీని మొదట పాలు లేకుండా తాగమంటాను. మింగాక ముక్కుతో నెమ్మదిగా ఊపిరి వదలండి, రుచంతా అక్కడే ఉంది!

సరే, వాసనకు తీపి ఎలా అంటింది? నాలుక మీద తీపి గ్రాహకం టీ1ఆర్2, టీ1ఆర్3 అనే రెండు ప్రోటీన్ల జత. కారమెల్ వాసన దాన్ని కదిలించదు. ఆ తీపి నేర్చుకున్నది. 1990లలో ఆస్ట్రేలియాలో పరిశోధకులు అంతగా పరిచయం లేని వాసనలను పంచదార నీళ్లతో కలిపి రుచి చూపించారు. తర్వాత ఆ వాసనలు ఒంటరిగా పీల్చినా జనానికి మునుపటికంటే తియ్యగా అనిపించాయి. మనం అరిసెల పాకంతో, మందస కోవాతో చిన్నప్పటినుంచీ చేస్తున్న ప్రయోగమే ఇది.

ఈ వాసనల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన అణువు సోటలోన్, C₆H₈O₃. ముడి చెరకు చక్కెర వాసనలో ఉంటుంది, మన మెంతుల్లోనూ ఉంటుంది. కొద్దిగా ఉంటే కారమెల్, ఎక్కువైతే మెంతులు. మేపుల్ సిరప్ అంటే మేపుల్ చెట్టు రసాన్ని కాచిన తియ్యని పాకం; దాని పేరే పెట్టిన మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే జన్యువ్యాధి ఉన్న పసిబిడ్డల మూత్రంలోని తీపి వాసన కూడా సోటలోన్‌దే. పుట్టిన కొద్దిరోజులకే బిడ్డ పాలు తాగక మగతగా ఉండి, అలాంటి వాసన వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చోకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2005 నుంచి న్యూయార్క్ నగరం మీద అప్పుడప్పుడూ మేపుల్ సిరప్ వాసన కమ్ముకునేది. విషవాయువేమోనని జనం భయపడి ఫోన్లు చేశారు. గాలి వీచే దిశలన్నీ లెక్కగట్టి 2009లో మూలం పట్టుకున్నారు. పక్కనున్న న్యూజెర్సీలో, ఆహారానికి వాసనలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ అప్పట్లో మెంతులను ప్రాసెస్ చేస్తుండేది.