సౌండ్ కార్డ్ గొడవ: మలుపు 2007లోనే

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో గేమింగ్ పీసీకి కొటేషన్ రాయించుకునేవాళ్లకు పాత ప్రశ్నే మళ్లీ ఎదురవుతోంది. మదర్‌బోర్డు మీది ఆడియో సరిపోతుందా, విడిగా సౌండ్ కార్డ్ వేయించాలా? కార్డ్ ఉంటే వాలరెంట్ లాంటి షూటింగ్ గేములో అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో ఇట్టే తెలుస్తుందని ఒక వర్గం వాదన. ఒకప్పుడు ఆ మాట అక్షరాలా నిజమే.

2007 జనవరిలో విండోస్ విస్టా మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు విండోస్ ఎక్స్‌పీలో గేములు డైరెక్ట్‌సౌండ్ 3డీ అనే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు ద్వారా నేరుగా కార్డులోని చిప్‌కే పని అప్పగించేవి. ఏ శబ్దం ఏ దిక్కున, ఎంత దూరంలో, రాతి గదిలోనా ఆరుబయటా అన్న లెక్కంతా కార్డే కట్టేది. 2005 నాటి క్రియేటివ్ కంపెనీ కార్డ్ ఎక్స్-ఫై ఒకేసారి 128 శబ్దాలను సంభాళించేది. బోర్డు చిప్ అయితే ఆ భారమంతా సీపీయూ మీద వేసేది, ఫ్రేములు పడిపోయేవి. విస్టాలో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసింది. విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కూర్చున్న ఆడియో డ్రైవర్లు సిస్టమ్‌నే కూల్చేస్తున్నాయంటూ శబ్దాలను కలిపే మిక్సింగ్‌ను సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చింది. దాంతో పాత గేముల్లో గదినిబట్టి ప్రతిధ్వని మార్చే క్రియేటివ్ వారి ఈఏఎక్స్ ఎఫెక్టులు మూగబోయాయి. క్రియేటివ్ ఆల్కెమీ అనే సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఓపెన్‌ఏఎల్ అనే మరో ఆడియో దారి వైపు మళ్లించి కొంత కాపాడుకుంది.

దిక్కు లెక్క ఇప్పుడు గేమే సీపీయూ మీద కట్టుకుంటుంది. సీఎస్:గో (కౌంటర్-స్ట్రైక్ గేము)లో 2016లో వచ్చిన హెచ్‌ఆర్‌టీఎఫ్, అంటే శబ్దం ఏ దిక్కు నుంచి చెవులకు చేరుతుందో హెడ్‌ఫోన్‌లో అనుకరించే పద్ధతి, అలాంటిదే, వాలరెంట్‌లోనూ ఆ ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో ఉండగా కార్డ్ సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్ 7.1 (చుట్టూ స్పీకర్లున్నట్టు భ్రమ కలిగించేది) కూడా పెడితే ఒకే శబ్దానికి రెండుసార్లు లెక్క పడి ముందూ వెనకా కలగాపులగమవుతాయి. రెండింట్లో ఒకటే ఉంచాలి.

ఇక కార్డుకు మిగిలింది అనలాగ్ పని: శబ్దం శుభ్రంగా ఉండటం, హెడ్‌ఫోన్‌కు చాలినంత పవర్ ఇవ్వడం. ఎక్కువ పవర్ కోరే 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లకు మామూలు బోర్డు చాలకపోవచ్చు, నిజమే. వాళ్లకైనా యూఎస్‌బీ డాక్-యాంప్ (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే డాక్, పవర్ పెంచే యాంప్ కలిసిన పెట్టె) మేలు. మందపాటి గ్రాఫిక్స్ కార్డ్ కింద సౌండ్ కార్డ్ పెట్టే పీసీఐఈ స్లాట్ తరచూ మూసుకుపోతుంది. 32 ఓమ్‌ల హెడ్‌సెట్‌కు బోర్డు మీది ఏఎల్‌సీ1220 లాంటి ఆడియో చిప్ ధారాళంగా చాలు. యూఎస్‌బీ, వైర్‌లెస్ హెడ్‌సెట్లలో డాక్ లోపలే ఉంటుంది, వాటికి సౌండ్ కార్డ్ కొనడం పూర్తిగా దండగ.

మౌస్ కదిపితే, గేము లోడయితే సన్నగా కీచుమంటోందా? చాలాసార్లు తప్పు చిప్‌ది కాదు. కేబినెట్ ముందు జాక్ నుంచి బోర్డు అడుగున మూలనున్న తొమ్మిది పిన్నుల హెడర్ దాకా వెళ్లే సన్నటి వైరు గ్రాఫిక్స్ కార్డ్ పక్క నుంచే పోతుంది, దారిలో ఆ రొదనంతా పట్టుకుంటుంది. పాటేదీ పెట్టకుండా వాల్యూమ్ పూర్తిగా పెంచి, హెడ్‌ఫోన్‌ను వెనక ఆకుపచ్చ జాక్‌కు మార్చి వినండి. రొద పోతే ఖర్చేమీ లేదు, వెనక జాకే వాడుకోండి.

హెడ్‌ఫోన్‌లో నిశ్శబ్దంగా ఉండి, కరెంటు స్పీకర్లలో మాత్రం హమ్ వస్తుంటే ఎర్తింగ్ చూడాలి. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనక ఎర్త్ వైరు ఉండదు. కేబినెట్ ఇనుమును తాకితే జిల్లుమనడం అందుకే. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ వేయించి, పీసీ, స్పీకర్లు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడాలి. ఎంత ఖరీదైన కార్డ్ వేసినా ఈ హమ్ పోదు.