క్యాంపస్ కార్బన్ లెక్క: అపోహలు - వాస్తవాలు

విశాఖ చుట్టుపక్కల కాలేజీలు, యూనివర్సిటీల్లో కర్బన ఉద్గారాల లెక్కలు కట్టడం నా పని. కొత్త క్యాంపస్‌కి వెళ్లినప్పుడల్లా మొదటి మీటింగులోనే కొన్ని మాటలు వినిపిస్తాయి. చెప్పేవాళ్లు మనస్ఫూర్తిగానే చెబుతారు. కానీ ఆ నమ్మకాల వల్ల డబ్బు, శ్రమ ఫలితం రాని చోట ఖర్చయిపోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: మా క్యాంపస్ నిండా చెట్లే. ఇక మాకు కార్బన్ ఎక్కడిది?

వాస్తవం: లెక్క వేసి చూడండి. మన గ్రిడ్ కరెంటు ఒక యూనిట్ వాడితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడినట్టు. ఈ అంకెను కేంద్ర విద్యుత్ అథారిటీ ప్రకటిస్తుంది. ఏడాదికి 10 లక్షల యూనిట్లు వాడే క్యాంపస్ ఖాతాలో 700 టన్నులు పడతాయి. ఎదిగిన చెట్టు ఏటా 20 కిలోలు పీల్చుకుంటుందనుకున్నా, దీనికి సరిపడా 35 వేల చెట్లు కావాలి. నిన్న నాటిన మొక్కలు కాదు, ఎదిగిన చెట్లు. అంత నేల ఎవరి దగ్గరుంది?

పైగా మనది తుపాన్ల తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు ఊరు ఎలా ఉందో చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. ఆంధ్ర యూనివర్సిటీలోని మహావృక్షాలు వేళ్లతో సహా పడిపోయాయి. కూలిన చెట్టు కుళ్లినా, కాలినా అది దాచుకున్న కర్బనం మళ్లీ గాలిలోకే పోతుంది. చెట్లు తప్పకుండా నాటండి. పడమటి గోడకు నీడ పడితే ఆ గదిలో ఏసీ తక్కువ తిరుగుతుంది, ఆ తగ్గింపు బిల్లులోనే కనిపిస్తుంది. అంతేగాని, 700లోంచి తీసివేయడానికి చెట్లను లెక్కపెట్టకండి.

అపోహ: కొలవాలంటే సెన్సర్లు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉండాలి.

వాస్తవం: మొదటి ఏడాదికి పాత కాగితాలు చాలు. పన్నెండు నెలల ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులు, జనరేటర్ లాగ్‌బుక్, కాలేజీ బస్సుల డీజిల్ రసీదులు, మెస్ సిలిండర్ల లెక్క తీసుకోండి. లీటరు డీజిల్‌కి దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, 19 కిలోల సిలిండర్‌కి దాదాపు 57 కిలోలు. ఎక్సెల్‌లో అయిపోతుంది. కష్టమంతా కాగితాలు రాబట్టడంలోనే. బిల్లులు అకౌంట్స్‌లో, లాగ్‌బుక్ ఎలక్ట్రీషియన్ దగ్గర, సిలిండర్ల లెక్క మెస్ కాంట్రాక్టర్ దగ్గర ఉంటాయి. హాస్టల్‌కి వేరే సర్వీసు నంబరు ఉందన్న సంగతి ఒక్కోసారి ఆఫీసువాళ్లకే తట్టదు.

అపోహ: పొగ రాకపోతే ఉద్గారం లేనట్టే.

వాస్తవం: ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. ఒక కాలేజీలో ఏసీ మెకానిక్ బిల్లులు తిరగేస్తుంటే ‘గ్యాస్ ఫిల్లింగ్’ అన్న మాట పదేపదే కనిపించింది. సముద్రపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ల కాయిల్స్ తుప్పుపట్టి గ్యాస్ కారిపోతోంది. లీకు వెతకకుండా మళ్లీ నింపుతున్నారు. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే, 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. అంటే దాదాపు 3 వేల యూనిట్ల కరెంటు కాల్చిన దానితో సమానం! ఆర్-32 ప్రభావం ఇందులో మూడో వంతు, కాబట్టి కొత్త ఏసీలు కొనేటప్పుడు ప్లేటు మీద గ్యాస్ పేరు చూడండి. పాత ఏసీల్లోని ఆర్-22, ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కిందికి వస్తుంది. కార్బన్ లెక్కను మూడు స్కోప్‌లుగా విడదీస్తారు: మన సొంత ఇంధనం, గ్యాస్ లీకులు స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, రాకపోకల్లాంటి మిగతావి స్కోప్ 3. ఆర్-22ను వీటిలో కలపకుండా విడిగా చూపించాలి. విడిగా అంటే వదిలేయమని కాదు.

అపోహ: పైకప్పు మీద సోలార్ పెట్టాం, నెట్ జీరో అయిపోయాం, అంటే మా నికర ఉద్గారం సున్నా.

వాస్తవం: 100 కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాదికి సుమారు 1.4 లక్షల యూనిట్లు ఇస్తాయి. పైన చెప్పిన క్యాంపస్‌కి అది ఏడో వంతు. మంచి పనే, ఇంకా పెట్టండి. డీజిల్, గ్యాస్, రాకపోకలు మాత్రం అలాగే ఉన్నాయి కదా.

అపోహ: పిల్లలు ఎలా వస్తే మాకేం? అది మా లెక్కలోకి రాదు.

వాస్తవం: వస్తుంది, స్కోప్ 3 కింద. గాజువాక నుంచో అనకాపల్లి నుంచో రోజూ వచ్చే డే స్కాలర్ ప్రయాణానికి కారణం మన టైమ్‌టేబులే. సర్వే ఫారంలో ‘బస్సు’ అని ఒకే గడి పెట్టకండి. కాలేజీ సొంత బస్సు డీజిల్ ఇప్పటికే స్కోప్ 1లో ఉంది, మళ్లీ ఇక్కడ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఆర్టీసీ, షేర్ ఆటో, సొంత బండి వేర్వేరుగా అడగండి. పరీక్షల వారంలో అసలు అడగకండి.

అపోహ: అంకె పెరిగితే పరువు పోతుంది.

వాస్తవం: నేను చెప్పిన ఆ కాలేజీలో ఏసీ గ్యాస్ కలిపిన ఏడాది మొత్తం పెరిగింది. రిపోర్టు ఆపేద్దామన్నారు. వాడకం పెరగలేదని, నిరుడు లెక్కలోకి రానిది ఇప్పుడు వచ్చిందని పక్కపక్కనే రెండు వరుసల్లో చూపించాక ఒప్పుకున్నారు. ఇప్పుడు అక్కడి రిజిస్టర్‌లో మెకానిక్ సంతకం పక్కన మరో గడి చేరింది. ఎన్ని కిలోలు నింపాడో, ఏ జాయింట్ దగ్గర లీకు కట్టాడో అందులో రాయాలి.