వేరులో మసి

శ్రీకాకుళం జిల్లా లావేరు, రణస్థలం వైపు మెట్టల్లో మొక్కజొన్న పొత్తు పాలు పోసుకునే రోజుల్లో ఈ మాట వినిపిస్తుంటుంది: "నిన్నటి దాకా పచ్చగానే ఉంది బాబూ, రాత్రికి రాత్రి ఏటైపోయిందో!" రాత్రికి రాత్రి ఏమీ కాలేదు. లోపల పని మొదలై చాలా రోజులైంది.

ఎండిన మొక్కని పట్టి లాగండి, పెద్దగా బలం పెట్టకుండానే ఊడొస్తుంది. కింది కణుపు దగ్గర కొడవలితో నిలువునా చీలిస్తే లోపల బెండు కనబడదు. విడివిడి నారపోగులే మిగిలుంటాయి. వాటి మీద మెత్తటి మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. అందుకే దీన్ని మసికుళ్లు తెగులు అంటారు.

ఆ నలుసులు మాక్రోఫోమినా ఫేసియోలినా అనే శిలీంధ్రం తన కోసం కట్టుకున్న గట్టి గుళికలు. ఒక్కోటి సుమారు మిల్లీమీటరులో పదో వంతు. కోత అయ్యాక మోళ్లతో పాటు మట్టిలో కలిసి, ఏళ్ల తరబడి అలా పడుంటాయి. దగ్గర్లో వేరు పెరిగితే, దాని నుంచి ఊరే చక్కెరలకి మేలుకుని మొలకెత్తుతాయి. సన్నటి దారంలాంటి పోగు వేరులోకి దూరుతుంది.

మరి మొక్క పూతదాకా ఎందుకు బాగుంటుంది? అప్పటిదాకా వేరుకి తిండి అందుతుంది, అది కొంత తట్టుకుంటుంది. గింజ కట్టడం మొదలయ్యాక ఆకులు తయారుచేసే చక్కెర పొత్తుకే పోతుంది. చాలకపోతే కాండంలో దాచుకున్నదీ అటే పోతుంది. కూడు తగ్గిన వేరు శిలీంధ్రాన్ని ఆపలేదు. సరిగ్గా అప్పుడే నీటి తడి తప్పి, నేల 30 డిగ్రీలు దాటి వేడెక్కితే శిలీంధ్రానికి పండగే. నీళ్లు మోసే నాళాలు మూసుకుపోయి మొక్క నిలువునా ఎండుతుంది. ఆ టైముకి షాపు నుంచి మందు తెచ్చి ఆకుల మీద కొట్టడం, నన్నడిగితే, డబ్బు దండగ. రోగం ఆకులో లేదు కదా.

పంట మార్చాం కదా అనుకుంటే సరిపోదు. ఇది 500కు పైగా మొక్కల జాతుల్ని పట్టుకుంటుంది. జొన్న, పెసర, నువ్వు, వేరుశనగ కూడా అందులోవే. పల్లంలో వరి వేసి నీళ్లు నిలబెడితే మాత్రం గుళికలు అంత కాలం బతకవు. మెట్టలో పూత నుంచి గింజ గట్టిపడే దాకా తడి తప్పకుండా చూడటం, మొక్కలు మరీ ఒత్తుగా లేకుండా, పొటాష్ తగ్గకుండా చూసుకోవడం, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలిపి మాగబెట్టిన పశువుల ఎరువు దుక్కిలో వేయడం మేలు.

అన్నట్టు, చీల్చి చూసిన మొక్కని గట్టు మీద పడేసి పోకండి. ఆ మసంతా మొదటి వానకి మళ్లీ చేలోకే దిగుతుంది.