సైనిక పైలట్లు ఎందుకు వెళ్లిపోతారు: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లకు పైగా యూనిఫాంలో ఉన్నాను. మొదట రవాణా విమానాలు నడిపాను, తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌నయ్యాను, చివరికి చాలామందిలాగే ఆఫీసు కుర్చీలో పడ్డాను. అక్కడ పైలట్ల రాజీనామా ఫైళ్లు నా టేబుల్ మీదుగా వెళ్లేవి. ‘కారణం’ అన్న గడిలో దాదాపు అందరూ రాసేది రెండే మాటలు: ‘కుటుంబ కారణాలు’. దాని వెనక వేరే సంగతి ఉందని రాసినవాడికి తెలుసు, చదివే నాకు తెలుసు, సంతకం పెట్టే పెద్దాయనకూ తెలుసు. అయినా ఎవరం అడిగేవాళ్లం కాదు.

ఈ విషయం మీద బయటివాళ్లే కాదు, లోపలివాళ్లు కూడా అనే మాటలు కొన్నున్నాయి. వాటిలో కాస్తో కూస్తో నిజం ఉంటుంది కాబట్టే తేలిగ్గా నమ్మేస్తాం.

అపోహ: ఎయిర్‌లైన్స్ జీతం చూసి వెళ్లిపోతారు

డబ్బుతో పనే లేదంటే అబద్ధమవుతుంది. 2020లో కరోనా వల్ల ఎయిర్‌లైన్స్ నియామకాలు ఆగిపోయినప్పుడు అమెరికా వైమానిక దళంలో ఉండిపోయే పైలట్లు పెరిగారు. ఎయిర్‌లైన్స్ మళ్లీ పిలవడం మొదలుపెట్టగానే కథ మొదటికొచ్చింది.

కానీ ఎయిర్‌లైన్ లాగేది జీతంతో కాదు, సీనియారిటీ నంబర్‌తో. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో ఏ విమానం నడపాలి, ఏ ఊరి నుంచి ఎగరాలి, పండగకి ఇంట్లో ఉంటావా లేదా, కెప్టెన్ ఎప్పుడవుతావు అన్నవన్నీ ఆ నంబర్‌ని బట్టే తేలతాయి. నంబర్ చేరిన రోజే ఖాయమైపోతుంది. వైమానిక దళంలో 3,000 గంటలు ఎగిరినా, యుద్ధంలో విమానాల జట్టుని నడిపించినా, అక్కడ చేరిన రోజు వరసలో చివర నిలబడాల్సిందే. పైగా అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ 65 ఏళ్లకు సీటు దిగాలి. అది కూడా 2007 చివరిదాకా 60 ఏళ్లే. కాబట్టి 33 ఏళ్ల పైలట్ రాత్రిపూట కాగితం మీద వేసేది జీతం లెక్క కాదు, ఏళ్ల లెక్క. ఇక్కడ ఆగే ప్రతి ఏడాదీ అక్కడ తన ముందు ఎంతమందిని నిలబెడుతుందో అన్నది అతని టెన్షన్.

ఇంకో సంగతి చెబితే ఈ అపోహ సగం కూలిపోతుంది. డ్రోన్ పైలట్లు. వాళ్లు ఎగరేసిన గంటలు ఎయిర్‌లైన్ లైసెన్సుకు పనికిరావు, అంటే బయట ఏ ఎయిర్‌లైనూ వాళ్ల కోసం తలుపు తెరిచి పెట్టుకోలేదు. అయినా 2015 నాటికి అమెరికాలో డ్రోన్ పైలట్లు నిలవని పరిస్థితి వచ్చింది. మామూలు పైలట్ ఏడాదికి 200 నుంచి 300 గంటలు ఎగిరితే, వీళ్లు 900 నుంచి 1,100 గంటలు స్క్రీన్ ముందు కూర్చుంటున్నారని అప్పటి వైమానిక దళ మంత్రి డెబోరా జేమ్స్ స్వయంగా చెప్పారు. చివరికి నిరంతరం గాల్లో ఉంచే డ్రోన్ గస్తీలను 65 నుంచి 60కి తగ్గించాల్సి వచ్చింది. ఇక్కడ లాగినవాడు లేడు, లోపలి నుంచి నెట్టింది పని.

అపోహ: బోనస్ పెంచితే ఆగుతారు

అమెరికాలో పైలట్లు ఉండిపోవడానికి ఇచ్చే బోనస్ గరిష్ఠ మొత్తం 2000 ప్రాంతం నుంచి 2017 దాకా ఏడాదికి 25,000 డాలర్ల దగ్గరే ఉంది. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో చెప్పక్కర్లేదు. 2017లో 35,000 చేశారు. తర్వాత చట్టం 50,000 దాకా అనుమతించింది. ఇన్ని చేసినా ఆ వైమానిక దళంలో పైలట్ల కొరత ఏళ్ల తరబడి సుమారు 2,000 దరిదాపుల్లోనే తిరిగింది.

నేను చూసినంతలో బోనస్ కాగితం మీద మొదట సంతకం పెట్టేది ఎలాగూ ఉందామనుకున్నవాడే. వెళ్లాలని తేల్చుకున్నవాడు ఆ కాగితం చదవను కూడా చదవడు. గోడ మీద కూర్చున్నవాడొకడు ఉంటాడు చూడండి, అతని కోసమే కదా ఈ డబ్బంతా. అతను అడిగేది వేరు: ‘తర్వాతి మూడేళ్లు ఏ ఊళ్లో ఉంటానో రాసిస్తారా?’

ఈ మాట వాళ్లకూ ఆలస్యంగా అర్థమైనట్టుంది. అమెరికా వైమానిక దళం తర్వాత తెచ్చిన ఒక ప్రయోగాత్మక పథకంలో, బాండ్ (తప్పనిసరిగా పనిచేయాల్సిన కాలం) తీరడానికి ఏడాది నుంచి మూడేళ్ల ముందే సంతకం పెట్టేవారికి డబ్బుతో పాటు కోరుకున్న చోట పోస్టింగ్ అవకాశాన్నీ కలిపారు. డబ్బు కంటే ఆ రెండో భాగమే అసలు మందు అని నా అభిప్రాయం.

అపోహ: బాండ్ ఏళ్లు పెంచితే సరిపోతుంది

అమెరికా వైమానిక దళంలో శిక్షణ తర్వాత తప్పనిసరిగా పనిచేయాల్సిన కాలం 1990ల చివర్లో 8 నుంచి 10 ఏళ్లయింది. అక్కడి ఆర్మీ 2020లో 6 నుంచి 10కి పెంచింది. భారత వైమానిక దళంలో షార్ట్ సర్వీస్ పైలట్‌కి, అంటే పరిమిత కాలానికే చేరేవాడికి, 14 ఏళ్లు. బాండ్ అసలు ఉండకూడదని నేననను, అంత ఖర్చు పెట్టి నేర్పించాక కొన్నేళ్లు పనిచేయమనడం న్యాయమే. కానీ బాండ్ వెళ్లే తేదీని మారుస్తుందే తప్ప వెళ్లాలన్న ఆలోచనను మార్చదు.

బాండ్‌ని సాగదీస్తే నమ్మకం తెగుతుంది. 2023లో అమెరికా ఆర్మీ 600 మందికి పైగా ఏవియేషన్ అధికారులకు, పాత ఒప్పందాలు సరిగా చూడలేదు, మీరింకా మూడేళ్లు బాకీ ఉన్నారని చెప్పింది. అప్పటికే వాళ్లలో చాలామంది వేరే తేదీని నమ్ముకుని ఉన్నారు. కాగితం ప్రకారం ఆర్మీదే ఒప్పు కావచ్చు. ఆ మూడేళ్లూ వాళ్లు తెల్లారి లేచి ఏ మనసుతో డ్యూటీకి వెళ్లి ఉంటారో ఆలోచించండి. అంతకంటే ముఖ్యం, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లు ఏం విని ఉంటారో.

పింఛన్ కూడా ఇలాంటి తాడే. 20 ఏళ్లు నిండితే పింఛన్ అన్న నియమం చాలామందిని 12వ ఏట దాటించి చివరిదాకా లాక్కొచ్చేది. 2018 నుంచి అమెరికాలో కొత్తగా చేరినవారికి 20 ఏళ్లకు మూలవేతనంలో సగం వచ్చే పింఛన్ 40 శాతమైంది. బదులుగా, మధ్యలో వెళ్లినా వెంట తీసుకుపోగల పొదుపు ఖాతాలో ప్రభుత్వం కొంత జమ చేస్తుంది. 20 ఏళ్లు నిండనివాడికి ఇదే మేలు. కానీ కట్టు మాత్రం వదులైంది.

అపోహ: పోతే పోనీ, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చుకుంటాం

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. చూడ్డానికి లెక్క కుదిరినట్టే ఉంటుంది: వందమంది వెళ్లారు, నూటపది మందిని తీసుకున్నాం, ఇంకేం?

ఖర్చు సంగతి ముందు చూద్దాం. రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2019లో వేసిన లెక్క ప్రకారం అమెరికాలో ఎఫ్-16 పైలట్‌ని ప్రాథమిక అర్హత దాకా తయారుచేయడానికి సుమారు 56 లక్షల డాలర్లు, ఎఫ్-22 పైలట్‌కి సుమారు కోటీ 9 లక్షల డాలర్లు. సి-17 రవాణా విమానానికి అయితే 11 లక్షలు. ఒక్క పైలట్‌ని ఆపడానికి ఏడాదికి 50,000 ఎక్కువా అని అడిగేవాళ్లకి ఈ అంకెలు చూపిస్తే గొంతు తగ్గుతుంది.

అయినా డబ్బు చిన్న విషయం. స్కూలు నుంచి వచ్చిన కుర్రాడికి విమానం నడపడం వచ్చు, దానితో యుద్ధం చేయడం ఇంకా రాదు. ఫైటర్లలో అయితే అతను వింగ్‌మన్, అంటే జట్టు నాయకుడి వెంట ఎగిరేవాడు. ఆ నాయకుడు, అంటే ఫ్లైట్ లీడ్, వెంట లేకుండా అతన్ని మిషన్‌కి పంపరు. ప్రతి సార్టీకీ (ఒకసారి ఎగిరి రావడానికి) ముందు బ్రీఫింగ్, తర్వాత సార్టీ కంటే ఎక్కువసేపు డీబ్రీఫ్, అంటే జరిగినదాని సమీక్ష. అలా ఎగురుతూ ఎగురుతూ ఒకరోజు తానే లీడ్ అవుతాడు, ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్. అమెరికా లెక్కలో ఫైటర్ పైలట్‌ని ‘అనుభవజ్ఞుడు’ అనాలంటే మామూలుగా ఆ విమానం మీద 500 గంటలు ఉండాలి. ఏడాదికి 200 గంటలు దొరికితే అది రెండున్నరేళ్ల పని. స్పేర్ పార్టులు లేక, విమానాలు హ్యాంగర్‌లో ఆగిపోయి 120 గంటలే దొరికితే నాలుగేళ్లు దాటుతుంది.

ఇప్పుడు స్క్వాడ్రన్‌లో నలుగురు అనుభవజ్ఞులు వెళ్లిపోయారనుకోండి. వాళ్ల చోట నలుగురు కొత్తవాళ్లు వచ్చారు. తల లెక్క సరిపోయింది. కానీ మిగిలిన ఫ్లైట్ లీడ్‌లు ఇప్పుడు ఎక్కువమంది వింగ్‌మన్‌లను మోయాలి. రోజూ ఎగిరేది పక్కవాడికి నేర్పడానికే, తమ సొంత పదును పెట్టుకోవడానికి సార్టీ మిగలదు. కొత్తవాడికేమో వారానికి ఒకటి రావడమే కష్టం. కొన్ని నెలలయ్యాక ఆ మిగిలినవాళ్లలో ఒకరు రాజీనామా పేపర్లు పెడతారు. శిక్షణ స్కూళ్లకు ఇన్‌స్ట్రక్టర్లను లాగేది కూడా ఈ బుట్టలోంచే. అంటే స్కూలు పెద్దది చేయాలంటే స్క్వాడ్రన్ పలచనవ్వాలి. విత్తనం గింజలు వండుకు తిన్నట్టన్నమాట.

పైగా ఈ దెబ్బ వెంటనే కనపడదు. కోల్డ్ వార్ ముగిశాక 1990ల్లో అమెరికాలో పైలట్ శిక్షణకు తీసుకునేవారి సంఖ్య బాగా కోసేశారు. ఆ ఏడాదే ఏమీ కాలేదు. పదేళ్ల తర్వాత ఫ్లైట్ కమాండర్లు, ఇన్‌స్ట్రక్టర్లు కావాల్సిన వయసులో చూస్తే అక్కడ పెద్ద బొక్క. పదేళ్ల అనుభవం ఉన్నవాడిని తయారుచేయడానికి పదేళ్లే పడుతుంది, దానికి దగ్గరిదారి లేదు.

కొరత వచ్చినప్పుడు కాక్‌పిట్లు ఖాళీగా ఉండవు, ముందు వాటినే నింపుతారు. ఖాళీ అయ్యేవి ప్రణాళికలు వేసే, కొత్త విమానం ఎలా ఉండాలో రాసే ఆఫీసు కుర్చీలు. అందుకే బయటివాళ్లకి ‘ఏమీ కాలేదే’ అనిపిస్తుంది.

అపోహ: ఎగిరి ఎగిరి విసుగొచ్చి పోతారు

తలకిందులైన మాట. ఎగరనివ్వకపోతే పోతారు.

ఒక నెల చివర నా లాగ్‌బుక్ కూడితే 11 గంటలు తేలింది. అదే నెలలో మెస్ ఖాతాల ఆడిట్‌కి నాలుగు రోజులు, ఒక స్పోర్ట్స్ మీట్ ఏర్పాట్లకి ఆరు రోజులు, ఎవరో వీఐపీ వస్తున్నారని గోడలకు రంగులు వేయించడానికి మూడు రోజులు. దీన్ని సెకండరీ డ్యూటీ అనేవాళ్లం. పేరుకే సెకండరీ! మా బ్యాచ్‌మేట్ ఒకడు సరదాగా అనేవాడు, ‘నేను క్లర్కుని, హాబీగా విమానం నడుపుతాను’ అని. ఆ హాబీనే ఇప్పుడు ఒక ఎయిర్‌లైన్‌లో వృత్తిగా చేసుకుంటున్నాడు.

అమెరికా వైమానిక దళం 2016లో ఇలాంటి అదనపు డ్యూటీల జాబితా తిరగేసి కొన్నిటిని కొట్టేసింది. ఇది దాదాపు ఖర్చు లేని పని. ఏ స్క్వాడ్రన్ కమాండర్ అయినా రేపు పొద్దున మొదలుపెట్టొచ్చు.

రెండో చిక్కు పదోన్నతి. ఎగరడంలో దిట్ట అయినవాడికి ఇచ్చే బహుమతి ఏమిటంటే, ఎగరని కుర్చీ. కమాండ్, స్టాఫ్ కోర్సు, హెడ్‌క్వార్టర్స్, ఈ మెట్లు ఎక్కకపోతే వెనకబడినట్టే. మెట్లు వద్దు, విమానం చాలు అనేవాడికి చోటు లేదు. ఇది ప్రకృతి నియమమేమీ కాదు. అమెరికా ఆర్మీ హెలికాప్టర్లను ఎక్కువగా నడిపేది వారంట్ ఆఫీసర్లు. వాళ్ల కెరీర్ అంతా ఆ నైపుణ్యం చుట్టూనే తిరుగుతుంది. అక్కడా కొరతలు లేకపోలేదు, కానీ కనీసం ఆ దారి ఉంది.

అపోహ: వెళ్లేవాళ్లకు దేశభక్తి తక్కువ

వెళ్లినవాళ్లలో ఎందరో రిజర్వ్ దళాల్లో చేరి, ఎయిర్‌లైన్ డ్యూటీ లేని రోజుల్లో అవే సైనిక విమానాలు నడుపుతున్నారు. ఈ మాట అనేవాళ్లతో వాదించడం మానేశాను.

అపోహ: వెళ్లడాన్ని పూర్తిగా ఆపాలి

ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. అందరూ ఉండిపోతే పైన కుర్చీలు చాలవు. జపాన్‌లో ఆత్మరక్షణ దళాల నుంచి కొంతమంది పైలట్లను వయసు చూసి ప్రభుత్వమే ఒక పద్ధతి ప్రకారం ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌కి పంపే ఏర్పాటు 1962 నుంచి ఉంది. 2009లో ఆపి, 2014లో మళ్లీ మొదలుపెట్టారు. ఎప్పుడు, ఎంతమంది వెళ్తారో ముందే తెలిస్తే స్క్వాడ్రన్ సర్దుకుంటుంది. ముంచేది వెళ్లడం కాదు, ఒకే వయసువాళ్లు ఒకే ఏడాది గుంపుగా వెళ్లడం.

అపోహ: ఇంట్లోవాళ్లు ఒత్తిడి చేస్తే వెళ్తారు

ఇంటివాళ్లు కష్టానికి సిద్ధపడే ఈ జీవితంలోకి వస్తారు. నెలల తరబడి డిటాచ్‌మెంట్‌కి (వేరే చోట తాత్కాలిక డ్యూటీకి) వెళ్తానంటే సర్దుకుంటారు. సర్దుకోలేనిది ఎప్పుడు వెళ్తాడో, ఎప్పుడొస్తాడో తెలియకపోవడం. మూడు నెలల ముందు చెప్పిన ఆరు నెలల డ్యూటీ కంటే, శుక్రవారం సాయంత్రం చెప్పిన ఆరు రోజుల డ్యూటీ ఇంట్లో ఎక్కువ గొడవ తెస్తుంది. మేమూ ఆ గొడవలు పడ్డవాళ్లమే.

ఆ కుర్చీలో నా రెండో ఏడాది ఒక పని చేశాను. ఫైలు వచ్చిన ప్రతి పైలట్‌కీ ఫోన్ చేసి, ‘ఎందుకు వెళ్తున్నావు?’ అని కాకుండా ‘ఎప్పుడు అనుకున్నావు?’ అని అడగడం మొదలుపెట్టాను. ‘ఎందుకు’ అంటే ఆ రెండు మాటలే వచ్చేవి. ‘ఎప్పుడు’ అనేసరికి మనుషులు కాసేపు ఆగి, తేదీతో సహా చెప్పేవాళ్లు. ఒక ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. స్కూలు ఏడాది మధ్యలో రెండోసారి పోస్టింగ్ ఆర్డర్ వచ్చిందట. రెండు నెలలు ఆపమని అడిగితే, ‘అందరికీ ఇంతే’ అన్నారట. ‘ఆ రాత్రే సార్, ఎయిర్‌లైన్ లైసెన్సు పరీక్ష పుస్తకాలు ఆర్డర్ పెట్టాను’ అన్నాడు.

ఫైలు మీద తేదీ చూశాను. ఆ రాత్రికీ రాజీనామాకీ మధ్య రెండేళ్ల నాలుగు నెలలున్నాయి. ఆ రెండేళ్లలో అతనికి రెండు వార్షిక నివేదికలు రాశారు, రెండింట్లోనూ ‘అత్యుత్తమం’ అని ఉంది.